ఏ పచ్చ?

పదకొండు గంటలకు ఆన్‌లైన్ మీటింగు. ఆలోగా కంప్యూటర్ని పడగ్గదిలోంచి హాల్లోకి మార్చాలని సత్యమూర్తి పొద్దున్న కాఫీ తాగుతూనే నిర్ణయించేశాడు. హాల్లో గోడకు కంపెనీ ఇచ్చిన ముప్ఫై నాలుగేళ్ళ సేవాపత్రం వేలాడుతోంది. వెనక అది కనిపిస్తే క్వార్టర్ల కమిటీ మనసు కరుగుతుందని ఆశ. రిటైరై ఆరు నెలలైంది. కూతురు కల్యాణి పన్నెండో తరగతి పరీక్షలు అయ్యేదాకా, అంటే మార్చి వరకు, ఛత్తీస్‌గఢ్ గనుల ఊరు బచేలిలోని ఈ కంపెనీ క్వార్టర్లోనే ఉండనివ్వమని దరఖాస్తు పెట్టాడు. సొంత ఇల్లు లేదని కూడా అందులో రాశాడు. విజయనగరంలో మేడ ఉంది గానీ, అద్దెకిచ్చిన ఇల్లు లేనట్టే లెక్క అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

సాయానికి భీమాను పిలిచాడు. గొల్లపల్లి నుంచి వచ్చి టౌన్‌షిప్పులో కరెంటు పని చేసే మనిషి. తొమ్మిదేళ్ళుగా క్వార్టరు కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. ఎవరు పిలిచినా కాదనడు, అందుకే అందరూ అతన్నే పిలుస్తారు.

మోయడం పది నిమిషాల పని. తగిలించడం దగ్గర మొదలైంది గొడవ. ముందు తెర మీద 'నో సిగ్నల్' అని వచ్చింది. కేబులు మరలు బిగిస్తే బొమ్మ పడింది. తర్వాత మౌసు కదల్లేదు. ఎర్రదుమ్ము పట్టిన రంధ్రం మానేసి పక్కదాంట్లో పెడితే కదిలింది. కీబోర్డు ఒకే అక్షరం కొట్టుకుంటూ పోయింది. దాని మీద భార్య వరహాలమ్మ కూరల సంచి పెట్టిందని కాసేపటికి గాని తెలియలేదు. మైకు గులాబీ రంధ్రంలోకి వెళ్ళింది. ఇక స్పీకర్లే మిగిలాయి.

"ఆ తీగ పచ్చదాంట్లో గుచ్చు," అన్నాడు సత్యమూర్తి.

"పచ్చదాంట్లనే పెట్టిన సార్," అన్నాడు బల్ల కిందనుంచి భీమా.

మీటింగు తెరుచుకుంది. కమిటీ పెద్ద సంజయ్ సాబ్ పెదవులు కదుపుతున్నాడు. పక్కన స్టెనో రాధ, తెలుగమ్మాయే, కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. శబ్దం మాత్రం లేదు.

"ఏటయిందండీ?" అంది వరహాలమ్మ.

"లైను పోయింది. వాళ్ళ మాట మనకి రానప్పుడు మన మాట వాళ్ళకెలా వెళ్తుంది?" ముప్ఫై నాలుగేళ్ళ అనుభవంతో తీర్పు చెప్పి, కెమెరాకు వినయంగా దణ్ణం పెట్టాడు.

దాంతో వరహాలమ్మకు ధైర్యమొచ్చింది. "ఈ బతిమాలుకోడం మనకెందుకండీ? విజయనగరంలో మేడ ఉంది కదా. అద్దెకున్నోళ్ళని లేవమంటే సరి."

"లేదని రాసిచ్చానే." చిరునవ్వు చెదరనివ్వకుండా అన్నాడు. "వాళ్ళు లేస్తే అంత అద్దె మళ్ళీ ఎవడిస్తాడు? ఆ సంజయ్ కాగితం చదవడులే. సంతకం పెట్టేస్తాడు."

తెర మీద సంజయ్ సాబ్ రాధ వైపు వంగాడు. ఆమె ఏదో చెప్తోంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సత్యమూర్తి విసుగ్గా బల్ల కిందికి దూరాడు. తీగ పసుపు రంధ్రంలో ఉంది.

"ఇదేంటి భీమా? పచ్చ అన్నాను కదా, ఆకుపచ్చ."

"మా దిక్కు పచ్చంటే ఇదే సార్. ఆకుపచ్చని హరా అంటం."

తీగ మారింది. హాలంతా రాధ గొంతు మోగింది. "ఔర్ బోల్ రహే హైఁ, సాబ్ కాగజ్ పఢ్తే నహీఁ, సైన్ కర్ దేంగే."

తన మాటలే హిందీలో తిరిగి వింటూ సత్యమూర్తి బల్ల కిందనుంచి తల బయటపెట్టాడు.

"మూర్తీజీ," అన్నాడు సంజయ్ సాబ్ ఎంతో మర్యాదగా, "ఆవాజ్ తో షురూ సే ఆ రహీ హై."

మొదటినుంచీ వినపడుతూనే ఉందట.

పదిహేను రోజుల్లో ఖాళీ చేయమని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత క్వార్టరు ఎవరిదో కూడా అందులోనే ఉంది. లిస్టులో మొదటి పేరు భీమాది. కల్యాణి పుస్తకం మూసేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూడలేక సత్యమూర్తి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఏ పచ్చో భీమాకు నిజంగా తెలియదా అని అడగాలనిపించింది. అబద్ధం తనే రాసి, నిజం తన నోటితోనే చెప్పి, ఇప్పుడు రంగు గురించి ఎవర్ని నిలదీస్తాడు?

కంప్యూటరు విప్పి కట్టడానికి మళ్ళీ భీమానే పిలవాల్సివచ్చింది. అతను ప్రతి తీగనూ జాగ్రత్తగా చుట్టాడు. గోడమీది సేవాపత్రం దించి, కండువాతో దుమ్ము తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"మేకు ఉండనీయండి సార్," అన్నాడు.