సీటు వదలని స్వెటర్

ప్రభుత్వ ఉద్యోగి ఎలా నడుచుకోవాలో తెలియాలంటే, మా ఊరికి దగ్గర్లోని ప్రభుత్వ కార్యాలయంలో మూడో టేబుల్ దగ్గరున్న బూడిదరంగు స్వెటర్‌ని చూసి నేర్చుకోవాలి!

నవ్వకండి. మూడు రోజులుగా దాని ఎదుట బెంచీ మీద కూర్చుని, గమనించి మరీ చెబుతున్నాను.

నాకు కావలసింది నివాస ధ్రువపత్రం మీద ఒక్క సంతకం. అది ఉంటే కాలేజీ హాస్టల్లో సీటు వస్తుంది. లేకపోతే రోజూ రెండు బస్సులు మారాలి. అంత అవస్థపడి చదవక్కర్లేదని నాన్న తేల్చేశారు. గడువు రేపటితో సరి.

ఆ గదిలో గోడ మీద ఉద్యోగుల కొత్త నియమావళి ఫ్రేము కట్టి ఉంది. మొదటి నియమం: పనివేళల్లో సీటు ఖాళీగా ఉండరాదు. మూడో టేబుల్ గుమాస్తాగారు నియమాలంటే ప్రాణం పెట్టే మనిషి. అందుకే పొద్దున్నే కుర్చీకి స్వెటర్ తొడిగి, సీటు ఖాళీగా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, టీకి వెళతారు. ఇంత ఎండల్లో స్వెటరేమిటని మీరు అడగవచ్చు. మరి చొక్కా విప్పి పెట్టి వెళితే మర్యాదగా ఉంటుందా?

"సారు లేరా అండీ?" అని మొదటిరోజు అటెండర్‌ని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "స్వెటర్ కనబడట్లేదా తల్లీ? ఉన్నట్టే."

మిగతా నియమాలూ చూడండి. ప్రజలను విసుక్కోరాదు. స్వెటర్ ఏనాడైనా విసుక్కుందా? ఫోను చూస్తూ కూర్చోరాదు. చూడలేదు. కానుకలు పుచ్చుకోరాదు. జేబులు రెండూ నేనే వెతికాను. ఒక పిప్పరమెంటు బిళ్ళ తప్ప ఏమీ లేదు!

పైగా నాలాంటి బిడియస్తులకు అదొక వరం. మనుషుల ముందు పేరు చెప్పాలన్నా నా నాలుక పిడచగట్టుకుపోతుంది. స్వెటర్‌కి మాత్రం హాస్టల్ సంగతి, బస్సుల సంగతి, నాన్న పట్టుదల, అన్నీ గడగడా చెప్పేశాను. ఒక్కసారి కూడా "రేపు రా" అనలేదు. ఫ్యాను గాలికి దాని చెయ్యి ఊగితే, పక్క టేబుల్ టైపిస్టు అక్క "సారు ఒప్పుకున్నారు" అంది కూడా.

మంచి ఎక్కడున్నా నేర్చుకోమంటారు పెద్దలు. నేనూ నేర్చుకున్నాను. ఈరోజు మధ్యాహ్నం మంచినీళ్లకు వెళుతూ, బెంచీ మీద నా చోట్లో గొడుగు కూర్చోబెట్టి వెళ్లాను.

రెండు నిమిషాల్లో తిరిగొచ్చాను. ఆ రెండు నిమిషాల్లోనే గుమాస్తాగారు వచ్చారట, వెళ్లిపోయారట! టేబుల్ మీద పెట్టిన నా దరఖాస్తులో సంతకం ఉండాల్సిన చోట ఎర్ర సిరాతో రాసి ఉంది: "దరఖాస్తుదారు హాజరు కాలేదు."

"గొడుగు ఉంది కదండీ," అన్నాను అటెండర్‌తో. మూడు రోజుల్లో ఆయనతో నేను మాట్లాడిన రెండో మాట అది.

"గొడుగు మనిషెలా అవుతుందమ్మా?" అన్నాడాయన, నాకు మతి చలించిందేమోనని జాలిపడుతూ.

నిజమే, తప్పు నాదే. రేపు పొద్దున్నే గొడుగును ఇంట్లో పెట్టి, నేనే వస్తాను.

గుమాస్తాగారికి ఒక చిన్న మనవి. రేపు ఎండ ఇంకా ఎక్కువగా ఉంటుందట. స్వెటర్‌ని ఇంట్లో ఉంచి, మీరు రండి.