ఏనుగు పెట్టెలో కొండముచ్చు కత్తెర

ఒక పెద్ద అడవిలో, ఎవరి వీడియో వాళ్లే తీసుకుని ఎవరికి వాళ్లే మురిసిపోయే కాలం వచ్చింది. నెమలి ఒక్క అడుగు వేస్తే దాన్ని పదకొండు వైపుల నుంచి తీయించుకునేది. పులి వేట మానేసి, వేటాడటం ఎలాగో చెప్పే వీడియోలు పెట్టేది. గాడిద సంగీత పాఠాలు మొదలుపెట్టింది, దానికి శిష్యులు కూడా దొరికారు.

తీసినదాన్ని కత్తిరించి, అతికించి, వెనక పాట పెట్టడానికి కంప్యూటరు కావాలి. అడవిలో కంప్యూటర్లు చేసేది ఏనుగు భద్రయ్య గారి కంపెనీ. పెట్టె మీద ఏనుగు బొమ్మ ఉండేది. పెట్టె బరువూ దాదాపు ఆ లెక్కలోనే ఉండేది. కానీ గట్టి సరుకు. పైనుంచి తాటికాయ పడ్డా చెక్కుచెదరదు.

ఆ పెట్టెతో పాటు 'అల్లిక' అనే వీడియో ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఊరికే వచ్చేది. దాన్ని రాసినవాడు గిజిగాడు వీర్రాజు. గిజిగాడంటే తెలుసు కదా, గడ్డిపోచలతో గాలికి ఊగే గూడు అల్లే పిట్ట. వీర్రాజు ఆ పనితనమంతా అల్లికలో పెట్టాడు. రెండు ముక్కలు కలిపితే అతుకు ఎక్కడుందో తీసినవాడికే తెలిసేది కాదు.

మొదటి ఏడాది అడవంతా మెచ్చుకుంది. రెండో ఏడు నుంచి పైవాళ్లు అందులో వేలు పెట్టారు. వేళ్లు లేనివాళ్లు కొమ్ములు పెట్టారు.

అల్లిక తెరవగానే తన సందేశం వినిపించాలన్నారు భద్రయ్య గారు. ఆ సందేశం నాలుగు నిమిషాలు. భద్రతా విభాగం చూసే అడవిదున్న, ఏది కత్తిరించబోయినా 'నిజంగా కత్తిరించదలచారా' అని మూడుసార్లు అడిగి తీరాలన్నాడు. ఇలా ఒక్కో విభాగం ఒక్కోటి తగిలించాక, అల్లిక నిండు గర్భిణిలా నడవడం మొదలుపెట్టింది.

ఈ తగిలింపులన్నీ తీసేయడానికి అనుమతి ఇవ్వమని వీర్రాజు దరఖాస్తు పెట్టాడు. అది అనుమతులు చూసే తాబేలు గారి బల్ల మీదకు వెళ్లింది. రెండేళ్లయినా అక్కడే ఉంది. వెళ్లి అడిగితే, "పరిశీలనలో ఉంది" అని చెప్పి తాబేలు మెడ లోపలికి లాక్కునేవాడు.

ఒకరోజు పొద్దున్నే పెళ్లి వీడియోలు తీసే ఎలుగుబంటి నూకాలమ్మ ఏనుగు పెట్టెను నెత్తిన పెట్టుకుని కంపెనీకి వచ్చింది. దాన్ని వీర్రాజు ముందు దబ్బున దించింది.

"వీర్రాజూ, కుందేళ్ల పెళ్లి తీశాను. వీడియో తయారై పెళ్లివారి చేతికి ఇచ్చేసరికి ఆ జంటకి ముప్పై ఆరుగురు పిల్లలు. అందరూ వరసగా కూర్చుని అమ్మానాన్నల పెళ్లి చూశారు. ఏం చెప్పమంటావు?"

వీర్రాజుకు చెప్పడానికి చాలా ఉంది. కానీ కొలువులో ఉండి యజమాని సందేశాన్ని తిట్టలేడు. "చూస్తానమ్మా" అన్నాడు.

"నువ్వు చూస్తూనే ఉండు. నది అవతల కొండముచ్చులు 'చకచక' అని ఒకటి చేశారు. మా మరిది వాడుతున్నాడు. కాఫీ తాగేలోపు పెళ్లి అయిపోతోందిట."

ఇలాంటి నూకాలమ్మలు ఎక్కువయ్యారు. అమ్మకాలు తగ్గాయి. భద్రయ్య గారు మీటింగు పెట్టారు.

అమ్మకాల మేనేజరు నక్క జంబుకేశ్వరరావు లేచాడు. ఆయన ఏ మాటైనా తను ఇప్పుడే కనిపెట్టినట్టు చెప్పేవాడు. "మన పెట్టె మంచిది. అల్లిక చెడ్డది. చకచక మంచిది. కాబట్టి మన పెట్టెలో చకచక పెట్టి ఇద్దాం."

"అది పోటీవాడి సరుకు కదయ్యా?" అన్నారు భద్రయ్య గారు.

"అందులోనే ఉందండి కిటుకు. వంట పక్కింటివాడిది, విస్తరి మనది. తిన్నవాడు ఎవరింట్లో తిన్నానని చెప్పుకుంటాడండీ?"

తిండితో పోలిస్తే భద్రయ్య గారికి ఏదైనా ఇట్టే అర్థమవుతుంది. తొండం ఊపారు.

వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మధ్యలో చేర్చినవి తీసెయ్యనిస్తే అల్లిక వారం రోజుల్లో పరుగెత్తుతుందండి. దరఖాస్తు కూడా పెట్టాను."

అందరూ తాబేలు వైపు చూశారు. డొప్ప లోపల్నుంచి "పరిశీలనలో ఉంది" అని వినిపించింది.

మర్నాడు కొండముచ్చుల కంపెనీ పెద్ద లాంగూలరావు వచ్చాడు. తోకను కండువాలా భుజం మీద వేసుకుని, అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

"పోటీ ఏమిటండీ భద్రయ్య గారూ, చెట్లు ఎన్నున్నా అడవి ఒకటే. మా చకచకను ఊరికే ఇస్తాను. తమరి పెట్టెలో కాస్త చోటు చాలు" అని నలభై పేజీల ఒప్పందం తీశాడు.

కంపెనీ న్యాయ సలహాదారు గుడ్లగూబ. సమావేశం మిట్టమధ్యాహ్నం. లాంగూలరావు ఒక్కో పేజీ చదువుతుంటే గుడ్లగూబ తల ముందుకు వాలి లేస్తోంది. ఆయన ఒక్కో షరతుకూ ఒప్పుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. భద్రయ్య గారు పాదముద్ర వేశారు. ఆ పాదం కింద ఆఖరి పేజీలో ఒక్క అక్షరం కూడా పైకి కనబడలేదు.

అల్లికను తీసేసి చకచకను పెట్టే పని వీర్రాజుదే కాబట్టి ఒక నకలు అతనికి ఇచ్చారు. అతను పని వదిలేసి సాయంత్రం దాకా నలభై పేజీలూ చదివాడు. పదిహేడో పేజీలో, అయిదేళ్ల పాటు ఏనుగు కంపెనీ ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఏదీ తయారుచేయకూడదని ఉంది. ముప్పై ఒకటో పేజీలో, చకచక తన వాడకందార్లకు 'ఉపయోగపడే సమాచారం' ఏదైనా చూపించవచ్చని ఉంది. వీర్రాజుకు ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

కాగితాలు ముక్కున కరుచుకుని జంబుకేశ్వరరావు గదికి ఎగిరాడు.

"ఎందుకు చదివావు?" అన్నాడు నక్క. నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఒప్పందం చదివితే అవతలివాళ్ల మీద నమ్మకం లేనట్టు ఉండదూ?"

అక్కణ్ణించి భద్రయ్య గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన బురద స్నానంలో ఉన్నారు. వీర్రాజు గట్టున వాలి పదిహేడో పేజీ చదవబోయాడు.

"నీ బాధ నాకు తెలుసు వీర్రాజూ" అన్నారు భద్రయ్య గారు, వీపు మీద బురద చల్లుకుంటూ. "సొంత బిడ్డ లాంటిది కదా ఆ అల్లిక. మనసు ఒప్పుకోదు. నువ్వు చెప్పదలచుకున్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వు, చూద్దాం."

రాసి ఇచ్చాడు. అది తాబేలు బల్ల మీదకు వెళ్లింది.

అల్లికను తీసేసే రోజు వచ్చింది. వీర్రాజు మొదటి బటను నొక్కాడు. 'నిజంగా తొలగించదలచారా' అని అడిగింది అల్లిక. అవునన్నాడు. మళ్లీ అడిగింది. అవునన్నాడు. మూడోసారి అడిగినప్పుడు బటను మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వెనక జంబుకేశ్వరరావు గోడ గడియారం వైపు చూసి దగ్గాడు. వీర్రాజు నొక్కాడు.

అతనికి 'సమన్వయాధికారి' అని కొత్త పదవి ఇచ్చారు. అతని కింద పనిచేసిన పదకొండు గిజిగాళ్లను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు, చకచక గురించి ఎవరైనా అడిగితే జవాబు చెప్పమని.

"కొత్త పదవిలో పనేమిటి?" అని ఇంట్లో భార్య పైడమ్మ అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. అంటే పెద్ద పదవే అయ్యుంటుంది" అన్నాడు వీర్రాజు.

నక్క చెప్పినట్టే మొదటి ఆరు నెలలూ పెట్టెలు పోటీపడి అమ్ముడయ్యాయి. నూకాలమ్మ రోజుకు రెండు పెళ్లిళ్లు చేసిపారేసింది. భద్రయ్య గారి మెడలో పూలదండలు పడ్డాయి. కొన్నిటిని ఆయన సభలోనే తినేశారు. జంబుకేశ్వరరావు జనరల్ మేనేజరు అయ్యాడు.

ఏడో నెలలో చకచక కొత్త రూపం వచ్చింది. ఇక వీడియో పూర్తయిన ప్రతిసారీ తెర మీద ఒక కొండముచ్చు బొమ్మ తోక ఊపుతూ కనిపించేది. 'ఆలస్యానికి చింతిస్తున్నాం. తప్పు మాది కాదు, మీ పెట్టెది' అనేది. ఎనిమిదో నెలలో కొండముచ్చులు సొంతంగా కంప్యూటర్లు చేసి అమ్మడం మొదలుపెట్టారు. తొమ్మిదో నెలలో, ఏనుగు పెట్టెలో చకచక నడక నిజంగానే నెమ్మదించింది.

ఫోన్లు మోగాయి. మోగినవి మోగినట్టే ఉన్నాయి. కుర్ర గిజిగాళ్లు బదులు చెప్పలేక గొంతులు పోగొట్టుకుంటుంటే, వీర్రాజు తనూ ఒక ఫోను అందుకున్నాడు.

"అది మా సాఫ్ట్‌వేరు కాదండి" అన్నాడు.

"మీ పెట్టెలోనే ఉందిగా?" అంది అవతల ముళ్లపంది.

"ఉందండి."

"మీరే పెట్టారుగా?"

"మేమే పెట్టామండి."

"మరి మీది కాకపోతే మా ఆవిడదా?"

వీర్రాజు ఫోను పెట్టేశాడు. ముళ్లపంది మాటలో తప్పేమీ కనిపించలేదు మరి.

ఈలోగా కంపెనీ పాతికేళ్ల పండగ వచ్చింది. అడవికి రాజైన సింహం ముఖ్య అతిథి. భద్రయ్య గారి జీవిత విశేషాలతో అరగంట వీడియో తయారైంది. జంబుకేశ్వరరావు దగ్గరుండి చకచకలోనే చేయించాడు. వీర్రాజు వచ్చి, "చివరిదాకా ఒకసారి వేసి చూసుకోండి సార్" అంటే, "నువ్వు అన్నీ చివరిదాకా చూస్తావయ్యా, అందుకే ఎదగలేదు" అన్నాడు.

తెర మీద గున్న ఏనుగు భద్రయ్య నడక నేర్చుకున్నాడు. పెద్దవాడై కంపెనీ పెట్టాడు. సింహానికి చెరకుగడ అందించాడు. సింహం చెరకు తినదు, అయినా ఫొటో ఉంది. చివర్లో భద్రయ్య గారు నిండుగా నవ్వుతున్న ముఖం తెరంతా నిండింది. జనం చప్పట్లకు చేతులెత్తారు.

ఆ ముఖం మీదికి కొండముచ్చు బొమ్మ దూకింది. భద్రయ్య గారి తొండం పట్టుకుని ఊగుతూ, 'ఈ వీడియో చూడటానికి మీరు పడిన శ్రమకు చింతిస్తున్నాం. పెట్టె మార్చండి. నది దాటండి' అంది.

సింహం పక్కనున్న మంత్రి వైపు తిరిగి, "నది ఎటు?" అని అడిగింది.

వారం తిరక్కుండా రాజుగారి కొలువు మొత్తం కొండముచ్చు పెట్టెలకు మారింది. కొలువు మారాక అడవి మారడానికి ఎంతసేపు?

భద్రయ్య గారు వీర్రాజును పిలిచారు. "అల్లికను మళ్లీ పెట్టెయ్యి."

"అయిదేళ్లు పెట్టకూడదండి. పదిహేడో పేజీ."

సాయంత్రం మెలకువ వచ్చాక గుడ్లగూబకు ఒప్పందం చూపించారు. ఆయన మొదటిసారి, ఆద్యంతం శ్రద్ధగా చదివాడు. "ఎవరు రాశారో గాని చాలా కట్టుదిట్టంగా రాశారు. ఒక్క సందు లేదు. ఇలాంటివాడు మన తరఫున ఉండాల్సింది" అన్నాడు.

తప్పెవరిదో తేల్చడానికి కమిటీ వేశారు. తాబేలు, అడవిదున్న, జంబుకేశ్వరరావు సభ్యులు. వాళ్ల ముందు వీర్రాజును నిలబెట్టారు.

"ఒప్పందం మొత్తం చదివావా?" అన్నాడు నక్క.

"చదివానండి."

"నలభై పేజీలూ?"

"నలభై పేజీలూ."

అడవిదున్న తల పంకించాడు. "అంటే ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసు."

"తెలిసే మీ అందరికీ చెప్పానండి. రాసి కూడా ఇచ్చాను."

"ఆ ఉత్తరం పరిశీలనలో ఉంది" అన్నాడు తాబేలు, ఈసారి మెడ బయటే ఉంచి. "పరిశీలన పూర్తికాని కాగితం సాక్ష్యంగా చెల్లదు."

"మేమెవరమూ చదవలేదు. మాకెలా తెలుస్తుంది?" అన్నాడు జంబుకేశ్వరరావు, గొంతులో ఎంతో జాలితో. "భద్రయ్య గారు చదవలేదు. సలహాదారు గారు నిద్రలో ఉన్నారు. ఈ కంపెనీ మొత్తంలో ప్రమాదం తెలిసినవాడివి నువ్వొక్కడివే. పైగా సమన్వయాధికారివి. సమన్వయం ఏదయ్యా?"

వీర్రాజు ముగ్గురి ముఖాలూ చూశాడు. వాళ్లు ఎగతాళి చేయడం లేదు. అక్షరం పొల్లుపోకుండా నమ్మే మాట్లాడుతున్నారు. అప్పటిదాకా అతనికి భయంగా ఉంది. అది కాస్తా పోయింది. వీళ్లతో వాదించడం, చెరువుకు ఈత నేర్పడం ఒకటే అనిపించింది. దణ్ణం పెట్టి కిటికీలోంచి ఎగిరిపోయాడు.

నివేదిక బయటికి రాకముందే జంబుకేశ్వరరావు నది దాటి కొండముచ్చుల కంపెనీలో చేరాడు. ఏనుగు కంపెనీని లోపలి నుంచి బాగా ఎరిగినవాడని అక్కడ పెద్ద గదే ఇచ్చారు. నివేదికలో వీర్రాజు ఒక్కడే దోషి. ఉద్యోగం పోయింది.

వీర్రాజు వాగు ఒడ్డున తుమ్మచెట్టుకు వేలాడే గూట్లో కూర్చుని అల్లికను మొదటి నుంచి రాశాడు. ఒప్పందం కట్టేసింది కంపెనీని, అతన్ని కాదు. ఎవరి సందేశమూ పెట్టలేదు. ఏదీ మూడుసార్లు అడగలేదు. ఫోన్ల దగ్గర విసిగిపోయిన పదకొండుమందీ ఒక్కొక్కరే వచ్చి పక్క కొమ్మల మీద చేరారు.

ముందుగా వచ్చిన బేరం నూకాలమ్మ. పాత ఏనుగు పెట్టెలోనే కొత్త అల్లిక వేయించుకుని, ఉడతల పెళ్లి పెట్టింది. సంచిలోంచి రేగుపళ్లు తీసేలోపు పెళ్లి తయారైంది.

"పెట్టెలో తప్పు లేదు, అల్లికలో తప్పు లేదు" అంది నూకాలమ్మ, ఒక పండు అతనికిస్తూ. "మరి ఇన్నాళ్లూ తప్పెక్కడుంది?"

"నా దగ్గరేనమ్మా. కమిటీ తేల్చి చెప్పింది" అన్నాడు వీర్రాజు. రేగుపండు తియ్యగానే ఉంది.

ఇందులో నీతి: ఏ ఒప్పందమైనా చదవకుండా ముద్ర వేస్తే అమాయకులంటారు, చదివితే ముద్దాయిలంటారు, కాబట్టి పిల్లలూ, చదువుల జోలికి పోకండి.