ఆఖరి పూతరేకు, గ్లెన్‌వార్రా దర్పభంగము

ప్రచండమార్తాండుడు దజీజ్ గోదాముల రేకులపై నిప్పులు చెరుగుచుండగా, ఏసీ యంత్రములు వృద్ధవృషభములవలె రొప్పుచుండగా, కువైటుదేశమున, ఫర్వానియా ప్రాంతమున, ఒకానొక ఆసుపత్రి నర్సుల విశ్రాంతిగదిలో, టీవేళ, ప్లాస్టిక్ డబ్బా అడుగున ఒంటరిగా మిగిలిన పూతరేకుకై జరిగిన మహాసంగ్రామమును వినుడు.

డబ్బా కోనసీమనుండి తల్లి పంపినది. అందుకొన్నది సూచీధారిణి, మితభాషిణి, కేథరిన్. అందరికిని పంచుచు తానొక్కటియు నోట వేయలేదు. నేతిపరిమళము నాసికాదుర్గమును ముట్టడింప, ఆ మిగిలినదానిపైనే ప్రాణము పెట్టుకొని యుండెను. కాని అతిథిని అడుగక ఆఖరిది తినిన ఆడది గోదావరి నడుమనున్న వారి లంకలో పుట్టలేదు. కనుక వద్దనునను నమ్మకముతోనే, ఎదుటి కుర్చీలోని ఐర్లండు నర్సు నోరాను తీసుకొమ్మనెను.

నోరా వద్దనెను. అంతటితో ఊరకున్న బాగుండెడిది. డబ్బాను వెనుకకు నెట్టి, సింహనాదము చేసెను.

"మా గ్లెన్‌వార్రాలో ఆఖరి ముక్క ముట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. నువ్వే తిను."

హతవిధీ! ఇక తినిన లంక పరువు గంగపాలు. కేథరిన్ పంటిబిగువున డబ్బాను ముందుకు నెట్టెను. అది బల్లపై రణరథమై అటునిటు తిరుగుచుండగా, నోరా తన పల్లెచరిత్రను బాణపరంపరగా కురిపించెను. ఐదు పొగగొట్టములు, ఒక బావి, లెక్కకందని వాన, అదియే గ్లెన్‌వార్రా. అచ్చట గేటు విషయమున తగవుపడిన రెండిండ్లవారు ముప్పదియేండ్లుగా పలుకరించుకొనరు. గడ్డి కోతకు మాత్రము పలుకకయే వచ్చి సాయపడుదురు. నాయనమ్మ పోయిననాడు పళ్లెములో మిగిలిన కేకుముక్క బూజుపట్టెనే కాని చేయి పడలేదు. కంటికి కనబడని పొట్టి దేవతలదని ఒక ముళ్లచెట్టును ముట్టక, రోడ్డే వంకర తిరిగెను. ఆ చెట్టు కొమ్మ విరిచిన పినతండ్రి ఆవు ఆనాడే పాలు విడిచెను.

"నాకు షుగరుండబట్టి బతికిపోయారు గానీ, లేపోతే ఎప్పుడో ఖలాస్ చేసేద్దును" అని మూలనుండి తోటి తెలుగు నర్సు హెలెనక్క గొణిగెను. "బెల్లు కొట్టేత్తారే, తెముల్చుకోండి."

కేథరిన్ కన్నులు మూసికొనెను. వంశపారంపర్యముగా వచ్చినదియు, పెండ్లిపంక్తులలో మహామహుల విస్తళ్లను నింపినదియు, తిరుగులేనిదియు నగు అస్త్రమును అచ్చతెలుగున సంధించెను.

"నువ్వు తినకపోతే నా మీద ఒట్టే, నోరా."

అదేమని నోరా అడుగగా, హెలెనక్క ఇంగ్లీషులోనికి దింపెను. తినకున్న కీడు నోరాకు కాదు, కేథరిన్‌కు తగులునట. నోరా ముఖము సున్నమువలె పాలిపోయెను. ముళ్లచెట్టు తలపునకు వచ్చెనో, వట్టిపోయిన ఆవు వచ్చెనో, వడివడిగా పూతరేకు నందుకొని రెండు గుటకలలో మ్రింగి, కేథరిన్ నుదుటిపై చేయివేసి జ్వరమేమైన వచ్చెనేమోయని చూచెను.

"నీకేం కాదు కదా ఇప్పుడు?"

"ఏం కాదు" అనెను కేథరిన్.

బెల్లు మ్రోగెను. అందరును వార్డులకు పరుగిడిరి. బల్లపై గోరంతయు లేని రేకుపొర యొకటి రాలి యుండెను. కేథరిన్ దానిని వ్రేలికొసతో అద్దుకొని నాలుకపై నుంచుకొనెను. పొరకంటిన బెల్లము ఒక్క రవ్వ.

విజేతకు దక్కిన సామ్రాజ్యమంతయు అదియే. దిక్పాలకులారా, వ్రాసికొనుడు: లంక గెలిచెను.