తోడేలు తప్పించుకుంది

ఆదివారం పొద్దున ఒక సాలీడుకు ఫోటోలు తీయాలని అమరనాథ్ అనుకున్నాడు. కె.ఆర్.పురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అతనిది పదకొండేళ్లలో ఒక్క పరిశోధన పత్రమూ అచ్చు కాలేదు. నెలాఖరులోగా ఒక్కటైనా రాకపోతే ఉద్యోగం ఉండదని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

హొసకోటె చెరువు గట్టున శుక్రవారం దొరికింది ఆ తోడేలు సాలీడు. గూడు అల్లదు, నేలమీద పరిగెత్తి వేటాడుతుంది. పుస్తకాల ప్రకారం ఈ రకం సముద్రతీరపు ఇసుకలో తప్ప ఇంకెక్కడా ఉండదు. కళ్ల వరస, పొట్టకింది గుర్తు చూపించి ఇక్కడా ఉందని రుజువు చేస్తే పత్రం సిద్ధమైనట్టే.

తీరా చూస్తే దాన్ని ఉంచిన సీసా మూత పక్కన పడి ఉంది.

"ఊపిరాడక చచ్చిపోతాదని నేనే తీస్తిని," అంది భార్య నేత్రావతి. "వీపు నిండా పిల్లలు, పాపం."

అమరనాథ్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాడు: "నా తోడేలు తప్పించుకుంది. పిల్లల తల్లి. కనిపిస్తే దయచేసి చంపకండి." కంగారులో 'సాలీడు' అన్న మాట రాయడం మరిచిపోయాడు.

ఐదు నిమిషాల్లో గేట్లు మూసేశారు. మూడో అంతస్తు భాగీరథమ్మ బాల్కనీలోంచి "అయ్యో, దాని అరుపు వినబడె!" అని కేకపెట్టింది. అతను సరిదిద్దుతూ పెట్టిన మెసేజి వందల మెసేజీల కింద కనబడకుండా పోయింది. అరగంటకు అటవీశాఖ జీపు వల, బోనుతో సహా దిగింది.

"తోడేలు ఎంత ఉండాది సార్?" అడిగాడు గార్డు మునిరాజు.

"రూపాయి బిళ్లంత," అన్నాడు అమరనాథ్ తలదించుకుని.

కింది ఇంటి తిమ్మరాయప్ప కాలిచెప్పు తీసి తిప్పి చూపించాడు. "ఇదా చూడప్పా? తోడేలు వస్తాదని మెట్ల కాడ కాపలా ఉంటిని. ఇది కాలి మీదికెక్కె, కొట్టేస్తిని. పిల్లలన్నీ మా ఇంట్లోకి పరిగెత్తె."

అమరనాథ్ మెట్ల మీద కూర్చుని ఆ చెప్పును దగ్గరగా చూశాడు. గుర్తు చూడ్డానికి పొట్టే మిగల్లేదు. ఆ పిల్లలు పెరిగి జాతి తేలేసరికి నెలలు పడుతుంది.

మునిరాజు వంగి, చెప్పుకు అంటుకున్న కాళ్లు చూశాడు. "ఈ తెల్లపట్టీల పురుగా? హొసకోటెలో మా నర్సరీ నిండా ఇవే కదా సార్!"

అమరనాథ్ లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "పదండి, ఇప్పుడే పోదాం!"

"నిన్న సాయంత్రం దాకా ఉండె సార్," అన్నాడు మునిరాజు నొచ్చుకుంటూ. "నర్సరీ మొత్తానికి మందు కొట్టిస్తిమి."

సాలీడు పిల్లలు దూరిన తన ఇంటి కోసం తిమ్మరాయప్ప అడిగితే, మునిరాజు ఆ మందు పేరు కూడా రాసిచ్చాడు.