నాలుగు వందల బల్లుల తండ్రిగారు

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పరిశోధనాలయం డైరెక్టరు గారు గత శనివారం నాలుగు వందల బల్లులకు తండ్రి అయ్యారు. తల్లులూ పిల్లలూ క్షేమం.

ఇందులో బల్లుల తప్పేమీ లేదు. ఎన్నో వేల ఏళ్ల కిందట, దగ్గరి చుట్టాలైన రెండు బల్లిజాతులు పెద్దల్ని అడక్కుండా కలిశాయి. పుట్టినవన్నీ ఆడవే. మగాడి ఊసెత్తకుండా గుడ్లు పెట్టుకుని, ఇంట్లో ఏ గొడవా లేకుండా బతికేస్తున్నాయి. వీటి జన్యువుల్లో సగం ఒక జాతివి, సగం రెండోదానివి అనీ, ఇవి ఇప్పుడు వేరే జాతేననీ పరిశోధక పిల్ల నాలుగేళ్లు కళ్లలో ఒత్తులు వేసుకుని తేల్చింది. శనివారంలోగా జాతి నమోదు కాకపోతే ఆ నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు, ఉద్యోగం హుళక్కి.

శుక్రవారం గుమాస్తా ఫారం వెనక్కి తోశాడు.

“పదకొండో గడి ఖాళీగా ఉందమ్మా. తండ్రి పేరేదీ?”

“వీటికి తండ్రి ఉండడండీ.”

“అయ్యో పాపం! ఎప్పుడు పోయాడు? మరణ ధ్రువపత్రం జతచెయ్యి.”

“పోలేదండీ. అసలు లేడు.”

“ఆ మాటలు ఇక్కడ అనకు తల్లీ. ఆడవాళ్లు తిరిగే ఆఫీసు!”

ఏడుపుమొహంతో బల్లుల గదికి వచ్చిన పిల్లను చూసి, పెట్టెలు కడిగే బాబాయి కలం లాక్కున్నాడు. “ఓస్, ఇంతేనా అమ్మడూ!” అంటూ ఆ గడిలో డైరెక్టరు గారి పేరు రాసిపారేశాడు.

ఆ పేరు చూడగానే ఫైలుకు కాళ్లొచ్చాయి. గంటలో ఏడు ముద్రలు. గుమాస్తా అయితే లేచి నిలబడి మరీ ముద్ర వేశాడు.

ఎనిమిదో సంతకం డైరెక్టరు గారిది. చదివారు, కందగడ్డలా అయ్యారు, కలం విసిరికొట్టారు. పిల్ల వెంట వచ్చిన బాబాయి చేతులు కట్టుకుని నసిగాడు:

“డిప్యూటీ గారు తన పేరు రాయమని ఒకటే బతిమాలారండయ్యా. తమరికి ఇష్టం లేకపోతే మరి...”

డైరెక్టరు గారు బల్ల కిందకి దూరి కలం వెతుక్కున్నారు.

మర్నాడే అభినందన సభ. “ఈ బిడ్డల కోసం నిద్రాహారాలు మానాను! తండ్రి లేని లోటు ఏనాడూ తెలియనివ్వలేదు!” అని ఆయన గద్గదస్వరంతో సెలవిచ్చారు. డిప్యూటీ గారు అక్కడికక్కడే, పితృత్వ నిర్ధారణకు ఒక సంఘం వేయాలని అర్జీ పెట్టుకున్నారు.

జాతి నమోదైంది. పిల్ల ఉద్యోగం నిలబడింది. ఊళ్లో పిన్నులూ, పెద్దమ్మలూ, మావయ్యలూ చూడ్డానికి బారులు తీరారు. బల్లిపిల్లను వంగి చూడడం, డైరెక్టరు గారిని తేరిపార చూడడం, “ఆ ముక్కు చూడండి, అచ్చం నాన్నదే!” అని మురిసిపోవడం.

పక్కనే ఇంకో గాజుపెట్టెలో తల్లుల్లో ఒకటి ఉంది. పిల్లలన్నీ అచ్చుగుద్దినట్టు దాని పోలికే. వరుసలో చివరి పెద్దావిడ దానివైపు వేలు చూపించి, పరిశోధక పిల్లను మెల్లగా అడిగింది:

“ఇదెవరమ్మా, పిల్లల్ని చూసుకోవడానికి పెట్టుకున్న ఆయానా?”