ట్రే వెనక రెండు డబ్బాలు

ఫొటో మాస్టారు ఆ సోమవారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్క లేవకముందే ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే వెనక దాచిన డబ్బా తీసి జేబులో వేసుకోవాలి. రెండు వీధుల అవతలి క్లినిక్కుకి వెళ్ళి, ఇన్సులిన్ పెట్టుకోవడం ఎలాగో నర్సు దగ్గర నేర్చుకోవాలి. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు కొని, పాలకోసమే వెళ్ళినట్టు మొహం పెట్టాలి. ఇందులో తప్పు జరగడానికి ఏముంది గనక?

ఊపిరితిత్తుల్లో వాపు తగ్గడానికని ఆయన మూడు నెలలుగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారు. దగ్గు తగ్గింది, ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది. కళకళలాడుతున్నారని స్టూడియోకి వచ్చినవాళ్ళు అంటే మురిసిపోయారు కూడా. తీరా పోయిన వారం రక్తపరీక్ష చేయిస్తే చక్కెర నాలుగువందలకి దగ్గర్లో ఉంది. ఇది మాత్రల వల్ల వచ్చిందేనని, మాత్రలు తగ్గించేకొద్దీ ఇదీ తగ్గొచ్చని, అంతవరకు ఇన్సులిన్ తప్పదని, మాత్రలు సొంతంగా మానేస్తే మాత్రం ఊరుకోనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఆయన బెంగంతా అక్క గురించే. యాభై ఏళ్ళ క్రితం నాన్నకి చక్కెర జబ్బు వచ్చినప్పుడు, పొద్దున్నే గిన్నెలో మరిగే గాజు సిరంజి టకటకమనే చప్పుడు ఆయన చెవుల్లో ఇంకా ఉంది. ఆ చప్పుడు మొదలవగానే ఇంట్లో ఎవరో వెక్కివెక్కి ఏడ్చేవారు. అది అక్కే అయ్యుండాలి. నాన్న పోయాక ఎవరైనా సూది మాట ఎత్తితే ఆమె లేచి వెళ్ళిపోయేది. ఈ వయసులో ఆమెను మళ్ళీ ఏడిపించడం ఎందుకని ఆయన ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఇన్సులిన్ సీసాను మరచుట్టు మూతున్న పాత అల్యూమినియం ఫిల్ము డబ్బాలో పెట్టారు. వెలుతురు తగలకూడదని మందు పెట్టె మీద ఉంది కాబట్టి, అలవాటు కొద్దీ "వెలుతురు తగలనీయవద్దు, తెరవవద్దు" అని కాగితం రాసి అంటించారు. నలభై ఏళ్ళు చీకటిగదిలో ఫిల్ములు కడిగిన మనిషికి వంటింట్లో లైటు వేయడం నామోషీ. ఫ్రిజ్‌లో బల్బు పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. చీకట్లో ట్రే వెనక చెయ్యి పెట్టారు, డబ్బా తగిలింది, జేబులో వేసుకున్నారు.

క్లినిక్కులో నర్సు మూత తిప్పి, లోపలున్నది బల్ల మీద ఒంపింది. కాగితం చుట్టి ముద్ర అంటించిన ఫిల్ము రోలు దొర్లుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, ఇది నాకు రాదు," అంది ఆ అమ్మాయి. "తొమ్మిదింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఏమీ తినకుండా వెళ్ళి మందు తెచ్చుకోండి."

ఆయన ఆ మాటలు సగమే విన్నారు. రోలు మీద పెన్సిలుతో, తన చేతిరాతతోనే "టైలరు పెళ్ళి" అని ఉంది.

ఎదురింటి టైలరుకీ, టీచరమ్మకీ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. తీసింది పన్నెండు బొమ్మల రోలు ఒక్కటే, అదీ పోయింది. ఆ రోజుల్లో ఎండ ముదిరితే మాస్టారి భార్య కడగని ఫిల్ము రోళ్ళు ఎక్కడో చల్లటి చోట దాచేది. ఆ నెలలోనే ఆమె ఆస్పత్రి పాలైంది. ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదండీ అని చివరిదాకా బాధపడింది. స్టూడియో అంతా గాలించారు గానీ వంటిల్లు ఎవరికీ తట్టలేదు. టైలరు ఆనాటి నుంచి మాట్లాడటం మానేశాడు. మాస్టారు చొక్కాలు కుట్టించుకోవడానికి మూడు వీధులు నడిచి వెళ్తున్నారు.

ఆయన అలా ఉండగా, ఇక్కడ ఇంట్లో అక్క లేచి, తమ్ముడు లేడు కదాని వంటింట్లో లైటు వేసి, ఎన్నాళ్ళకో కూరగాయల ట్రే లాగి కడగబోయింది. వెనక ఫిల్ము డబ్బా కనిపించింది. తెరవవద్దని రాసుంది గనక తెరవలేదు. మరదలు పోయేముందు పడ్డ బాధ ఆమెకు తెలుసు. సరాసరి వీధిలోకి వెళ్ళి, మీ పెళ్ళి దొరికిందని టైలరుకి కేకేసి చెప్పింది.

మాస్టారు రొప్పుకుంటూ వచ్చేసరికి ఇంటి ముందుగదిలోని స్టూడియోలో టైలరు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. టీచరమ్మ బడికి సెలవు పెట్టేసింది. ఆయన ఆకలితో కరకరలాడుతుంటే వాళ్ళు ఆయన వాటా కాఫీ తాగుతున్నారు. డబ్బా టైలరు గుప్పిట్లో ఉంది.

అసలు రోలు తన జేబులో ఉందని చెప్పడం తేలికే. మరి ఈ డబ్బాలో ఏముందని అక్క అడిగితే? గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది.

"డబ్బా ఇటివ్వండి, కడిగేస్తాను," అన్నారు మాస్టారు.

"ఒకసారి మీ చేతికి వదిలేశాను కదండీ," అన్నాడు టైలరు. "కడిగేదాకా ఇది నా చేతిలోనే ఉంటుంది."

దాంతో నలుగురూ కలిసి ఇద్దరు పట్టే చీకటిగదిలో ఇరుక్కున్నారు. చీకట్లో డబ్బాలు మార్చేయడం తనకో లెక్క కాదనుకున్నారు మాస్టారు. టైలరు చేతిలోంచి మెల్లగా డబ్బా లాగారు. టైలరు లాగనివ్వలేదు. ఆ పెనుగులాటలో మూత ఊడింది, గాజుదేదో నేల మీద టకటకమంటూ దొర్లింది.

అక్క లైటు వేసింది. సీసా పగల్లేదు, ఆమె కాలిదగ్గరే ఆగింది. తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఇది ఎవరికిరా?"

మాస్టారు జేబులోంచి రోలు తీసి టైలరు చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశారు. నువ్వు మళ్ళీ ఏడుస్తావనే దాచానని కూడా అన్నారు.

"నేనా ఏడ్చింది?" అంది అక్క. "నాన్నకి ఆరేళ్ళు రోజూ సూది పెట్టింది నేను. సిరంజి గిన్నె పొయ్యెక్కగానే మంచం కింద దూరి ఏడ్చింది నువ్వు. నీకు పదేళ్ళప్పుడు. ఆ తర్వాత సూది మాటొచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోయానంటే, నీ మొహం చూడలేకరా."

మాస్టారికి మంచం కింద నేల చల్లదనం, దుమ్ము వాసన, పైనుంచి వంగి చెయ్యి చాచిన నాన్న మొహం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ ఏడుపు అంత దగ్గరగా ఎందుకు వినిపించేదో అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, పద అక్కా అన్నారు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఇద్దరూ క్లినిక్కులో ఉన్నారు. రసాయనాలు కొలిచిన చెయ్యి గనక సిరంజిలోకి మందు గీత దగ్గరికి సరిగ్గా లాగింది. తీరా పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నారు.

"చీకట్లో పని నాకలవాటే," అన్నారు.

"ఇది ఫిల్ము కాదు మాస్టారూ, కళ్ళు తెరవండి," అంది నర్సు.

అక్క ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. సూది దిగింది కూడా ఆయనకు తెలియలేదు. మా కాలంలో సూదంటే సూదిలా ఉండేదని అక్క ఇంటికి వచ్చేదాకా అంటూనే ఉంది.

సాయంత్రం రోలు కడిగారు. పదకొండు బొమ్మలూ మసకగా, పొగమంచులో పెళ్ళి చేసుకున్నట్టు వచ్చాయి. టీచరమ్మ వాటిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. టైలరు చాలాసేపు చూసి, తన కాలరు తనే వంకరగా కుట్టుకున్నానని ఒప్పుకుని, రేపొచ్చి కొలతలు ఇమ్మని మాస్టారితో అన్నాడు.

ఏ రోలులోనైనా చివరి బొమ్మ ఇంటావిడదే అన్నది ఆ స్టూడియో ఆనవాయితీ. పన్నెండో బొమ్మలో మాస్టారి భార్య వంటింట్లో నిలబడి, నన్నెందుకండీ అన్నట్టు ఒక చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతోంది. రెండో చేతిలో మూత తీసిన ఖాళీ ఫిల్ము డబ్బా ఉంది. వెనక ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, కూరగాయల ట్రే సగం లాగి ఉంది. ఎక్కడ పెట్టిందో ఆవిడ చెప్పే పోయింది. అక్క, తమ్ముడు ఆ బొమ్మను చేతులు మార్చుకుంటూ మళ్ళీ మళ్ళీ చూశారు.

బొమ్మలో ఫ్రిజ్ బల్బు వెలుగుతోంది. మర్నాడు మాస్టారు కొత్త బల్బు కొనుక్కొచ్చారు.