పోర్టికోలో ఇంజన్

ఇరుగుపొరుగు కలిసిమెలిసి ఉండాలంటే ఏం చెయ్యాలి? కారు ఇంజన్ ఇంట్లోనే ఊడదీయాలి! షెడ్డుకు పంపినవాడు బాగుపడ్డట్టు చరిత్రలో లేదు.

నమ్మకం లేకపోతే గజపతినగరంలో రిటైర్డు హెడ్మాస్టరు నారాయణమూర్తి గారిని చూడండి. కారు కాస్త గురగురమంది. షెడ్డులో చూపించమన్న భార్య తాయారు మాటను కొట్టిపారేసి, ఫోన్లో వీడియో పెట్టుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టారు.

ఎన్ని లాభాలని! గోడ తగవుతో ఏళ్లుగా మాటల్లేని పక్కింటి జోగయ్య, ఆ చప్పుడుకి తనే గేటు తెరుచుకుని వచ్చి సలహా ఇచ్చాడు. వీధిలో నలుగురూ చెయ్యేశారు. నూతి గిలకను పోర్టికో కొక్కేనికి తగిలించి, మోకుతో ఇంజన్ని పైకి లాగి, మోకు కొసను స్తంభానికి కట్టేశారు. ఆ కొక్కెం ఇల్లు కట్టినప్పుడు మనవల ఉయ్యాల కోసమని తాయారు పట్టుబట్టి వేయించుకున్నది. అయితేనేం? పెట్రోలు బెంగ తీరింది. భోగాపురం ఎయిర్‌పోర్టు చూపించమని పోరే చుట్టాలు నోరు మూసుకున్నారు. ఇంతకన్నా మోక్షం ఏముంది?

ఒక్కటే చిక్కు. ఊడదీయడం చూపించిన మహానుభావుడు, బిగించడం వచ్చే వీడియోలో అన్నాడు. ఆ వీడియో రాలేదు. మనవరాలి బారసాల మాత్రం వచ్చేసింది.

"ఇంజన్ దించుతారా, పిల్లని బానెట్లో పడుకోబెట్టీమంటారా? ఏటో ఒకటి సెప్పండి," అంది తాయారు.

తొలి మనవరాలు. ఉయ్యాల తొలి ఊపు తనదేనని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. అందుకే ఆ పొద్దున నలుగురూ వచ్చేదాకా ఆగలేక, ఒక్కరే మోకు ముడి విప్పారు. ఇంజన్ సగం దిగి అడ్డం తిరిగి ఆగిపోయింది. మోకు వదిలితే కారు మీద పడుతుంది. మళ్లీ కడదామంటే మూడో చెయ్యి కావాలి. కేకేసి పిలవడానికి హెడ్మాస్టరు గారికి నామోషీ.

ముహూర్తం ఇంజన్ కోసం ఆగదు కదా! తాయారు ఉయ్యాలను జోగయ్య ఇంటికి పంపేసింది. "మీరు పదండి, వస్తాను" అన్న ఆయన మాట నమ్మి వచ్చినవాళ్లంతా అటే వెళ్లారు. గోడ అవతల ఆడవాళ్లు లాలిపాట ఎత్తుకుంటే, ఇవతల మోకు పట్టుకుని నిలబడ్డ మనిషికి కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తాంబూలం పట్టుకుని జోగయ్య గోడ దగ్గరకు వచ్చాడు. మూర్తి గారు గొంతు సవరించుకున్నారు.

"బావా, మా పిల్లకేటి పేరెట్టినారు?"

ఇంజన్ నంబరైతే ఆయన ఎవరినీ అడగక్కర్లేదు. కంఠతా వచ్చు.